పట్టాలు పోయిన కొండదారులు

కొండసీమకు సైకిలు మీద యాత్ర పోతున్నామని ఎవరితోనైనా అని చూడండి. ముందు మన మొగంలోకి చూస్తారు, తర్వాత నవ్వుతారు. సైకిలుకూ కొండకూ పొత్తు కుదరదని అందరికీ తెలిసిన సంగతే. ఎక్కేటప్పుడు సైకిలును మనం మోసుకుపోవాలి. దిగేటప్పుడు అది మనను ఎక్కడికి మోసుకుపోతుందో ఆ పరమాత్ముడికే ఎరుక. పోనీ చదునునేల మీద మాత్రం సుఖమేమున్నది? వెనక లారీ హారను, పక్కన బస్సు విసురు, ముందర మోటారు సైకిలువాడి వీరవిహారం. రోడ్డు దిగి మట్టిలోకి తప్పుకోవడమే క్షేమమని మన సైకిలువాడు నిర్ణయించుకుని ఎన్నో ఏళ్ళయింది.

అటువంటిది, కొండల నడుమ పొద్దుటినుంచి సాయంత్రందాకా తొక్కినా మోటారు బండి వెంటపడని దారులు ఉన్నాయంటే, వాటి మీద ఎనిమిదేళ్ళ పిల్లలూ, మనుమల నెత్తిన అమ్మమ్మలూ ఆయాసం లేకుండా పోతూంటారంటే, పాఠకులు నన్ను శంకించినా ఆశ్చర్యం లేదు. ఆ దారులు ఇంగ్లండు నడిబొడ్డున, పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండప్రాంతంలో ఉన్నాయి.

మా మేనకోడలి కాపురం డెర్బీ పట్నంలో. పురిటికి సాయంగా మా అక్కయ్య ఆర్నెల్లు అక్కడ ఉండవలసి వచ్చింది. కాలేజీకి వేసవి సెలవు లివ్వగానే నేనూ మూడు వారాలపాటు వెళ్ళి వచ్చాను. డెర్బీ నుంచి ఈ కొండలు ఎంతో దూరం కాదు. ఆదివారం వచ్చిందంటే అల్లుడు కారు తీసేవాడు; కొండల్లోకి పోయాక కారు ఒకచోట వదిలేసి, అద్దె సైకిళ్ళు ఎక్కేవాళ్ళం.

పీక్ అంటే శిఖరం కదా అని మంచుకొండలను ఊహించుకోకండి. ఈ ప్రాంతంలోకెల్లా ఎత్తయిన కిండర్ స్కౌట్ 636 మీటర్లు మాత్రమే. మన తిరుమల కొండే అంతకన్నా ఎత్తు. కాని చిక్కంతా ఎత్తులో లేదు, ఎగుడుదిగుడులో ఉన్నది. ఒక లోయలోకి జారడం, అవతలి గట్టు ఎక్కడం, మళ్ళీ జారడం. ఉత్తరాన నల్లని ఇసుకరాయి గుట్టలు, దక్షిణాన తెల్లని సున్నపురాయి మెట్టలు. పచ్చికబయళ్ళ నిండా గొర్రెలు. పొలానికీ పొలానికీ నడుమ సున్నమూ సిమెంటూ లేకుండా రాయిమీద రాయి పేర్చి కట్టిన గోడలు మైళ్ళ తరబడి సాగిపోతాయి. 1951 ఏప్రిల్ 17న ఈ ప్రాంతాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు. బ్రిటన్ మొత్తంమీద అదే మొట్టమొదటిది. విస్తీర్ణం 555 చదరపు మైళ్ళు.

ఇటువంటి చోట చదునైన సైకిలు దారి ఎలా వచ్చిందంటే, అది సైకిళ్ళకోసం వేసింది కాదు. ఒకప్పుడు రైళ్ళు నడిచిన దారి. ఇనపచక్రానికి ఇనపపట్టా మీద పట్టు తక్కువ. వాలు కాస్త ఎక్కువైతే చాలు, ఎంతటి ఇంజనయినా చక్రాలు జారి నిలబడిపోతుంది. అందుకని రైలు వేసేవాళ్ళు అడ్డొచ్చిన కొండను కోస్తారు, పల్లాన్ని కట్టపోసి పూడుస్తారు, కోతకు లొంగని చోట సొరంగం తవ్వుతారు, లోయవస్తే వంతెన కడతారు. ఇంజనుకు సుఖమైన వాలు మనిషి కాళ్ళకూ సుఖమే. పట్టాలు లేచిపోయినా, వేలాది కూలీల చెమటతో చదునయిన ఆ నేల అలాగే ఉండిపోయింది.

కొండమీద రేవులు

ఈ దారుల్లో పెద్దది హై పీక్ ట్రెయిల్. క్రామ్‌ఫర్డ్ దగ్గర కాలువ ఒడ్డున బయల్దేరి, బక్స్‌టన్ సమీపాన డౌలో అనే చోటుదాకా 17 మైళ్ళు. క్రామ్‌ఫర్డ్ పేరు చరిత్ర పుస్తకాల్లో చదివే ఉంటారు. నీటి బలంతో పత్తి నూలు వడికే మిల్లును ఆర్క్‌రైట్ 1771లో మొదలుపెట్టింది ఈ ఊళ్ళోనే. అతని యంత్రం తీసిన గట్టి నూలుతోనే ఇంగ్లండులో అచ్చమైన నూలుబట్ట నేయడం సాధ్యపడింది. అంతకు ముందు ఆ దేశం నూలుబట్టకు మన దేశం వైపు చూసేది. మచిలీపట్నం అద్దకాలకు అక్కడి దొరసానులు మొగం వాచి ఉండేవారు. ఆ మిల్లు గోడలముందు నిలబడినప్పుడు మన మగ్గాల గుంటలు గుర్తుకు రాకుండా ఉంటాయా!

ఈ క్రామ్‌ఫర్డ్ కాలువను కొండలకు అవతల ఉన్న పీక్ ఫారెస్ట్ కాలువతో కలపాలని సంకల్పించారు. మొదట ఆలోచించింది మరో కాలువే. కాని సున్నపురాయి నేలలో నీళ్ళు నిలవవు. అందుచేత 1825లో చట్టం చేయించి, జోసయస్ జెస్సప్ అనే ఇంజనీరు పథకం ప్రకారం రైలుదారి వేశారు. 33 మైళ్ళ పొడుగు. 1830లో ఒక భాగం, 1831లో మొత్తం తెరిచారు. రైళ్ళింకా కొత్తవింతగా ఉన్న కాలం కనుక దీన్నీ కాలువ తరహాలోనే కట్టారు. కాలువల్లో లాకులున్నట్టు దీనికి అక్కడక్కడ నిటారైన ఏటవాళ్ళు, వాటి నడుమ చదునైన దారి. చదునులో మొదట గుర్రాలు లాగేవి. ఏటవాలు దగ్గర, పైన కూర్చున్న ఆవిరియంత్రం వ్యాగన్లను గొలుసుతో పైకి గుంజేది. అన్నిటికన్నా ముచ్చటేమంటే, స్టేషన్లను స్టేషన్లు అనలేదు. ‘వార్ఫ్’లు అన్నారు, అంటే రేవులు. సముద్రమట్టానికి వెయ్యి అడుగుల ఎత్తున, చుక్కనీరులేని రేవులు! మాటలు మనుషులకన్నా మొండివని నేను తరగతిలో చెబుతూంటాను. ఇకమీదట ఈ ఉదాహరణ కూడా చెబుతాను.

మిడిల్టన్ టాప్ అనే చోట 1829లో తయారైన ఆవిరియంత్రం ఇప్పటికీ ఉన్నది. అది గుంజిన ఏటవాలు దరిదాపు తొమ్మిది అడుగులకు ఒక అడుగు లేస్తుంది. 1963దాకా పనిచేసింది. మిగిలిన దారి 1967లో మూతపడింది. 1971లో నేషనల్ పార్కు బోర్డూ డెర్బీషైర్ కౌంటీ కౌన్సిలూ కలిసి ఆ నేల కొన్నాయి. మీరెప్పుడైనా వెళితే కాలువ దగ్గర మొదలుపెట్టకండి. ఆ ఏటవాళ్ళు గొలుసుతో లాగే యంత్రాలకోసం పెట్టినవి, మన మోకాళ్ళకోసం కాదు. మిడిల్టన్ టాప్ దగ్గర సైకిలెక్కితే, పెద్ద ఎక్కుడు వెనకబడిపోతుంది. ముందంతా మెట్టభూమి మీద హాయిగా పోవచ్చు.

అక్కయ్య సైకిలెక్కింది

పార్స్‌లీ హే అనే చోట ఈ దారికి మరొకటి వచ్చి కలుస్తుంది. అది టిస్సింగ్టన్ ట్రెయిల్. ఆష్‌బోర్న్ నుంచి అక్కడికి 13 మైళ్ళు. 1899లో రైలు నడిచింది. ప్రయాణికుల బళ్ళు 1954తో ఆగిపోయాయి, తర్వాత తక్కినవీ పోయాయి. 1968లో పార్కు బోర్డు ఆ దారిని కొని, పట్టాలు పోయిన నేలను చదునుచేసి, 1971లో జనానికి తెరిచింది. బ్రిటన్‌లో అట్టి ప్రయత్నాలలో ఇది తొలివరసది.

మేము పార్స్‌లీ హే దగ్గర సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం. చిన్నప్పుడు గంటకింత అని అద్దె సైకిలు తెచ్చి మోచిప్పలు పగలగొట్టుకున్న సంగతి జ్ఞాపకం వచ్చింది. ఇక్కడి అంగట్లో రకాలు ఎక్కువ. ఇద్దరు ఒకేసారి తొక్కేవి, వెనక పసిపిల్లల తొట్టి తగిలించినవి, బాటరీతో సాయంచేసేవి. సైకిలుతోపాటు తలకు టోపీ ఇచ్చారు. శిరస్త్రాణమనే మాటను కావ్యాల్లో పాఠం చెప్పడమేగాని, నెత్తిన పెట్టుకోవడం నాకు అదే మొదలు.

అక్కయ్యకు యాభైరెండో ఏడు. హైస్కూలు చదివే రోజుల్లో మా ఊరినుంచి కాలువగట్టు మీదుగా నాలుగు మైళ్ళు నాన్నగారి సైకిలు మీద పోయివచ్చిన మనిషి. మా ఊళ్ళో హైస్కూలు గడప తొక్కిన ఆడపిల్లల్లో ఎక్కువమందికి ఆ గట్టే ఆధారం. పెళ్ళయి పట్నం చేరాక అక్కయ్య మళ్ళీ సైకిలు ముట్టలేదు. ముట్టనీయకుండా ఎవరూ అడ్డలేదు. ఆ రోడ్డే అడ్డింది. “నువ్వు తొక్కు, నేను ఈ బెంచీ మీద కూర్చుని పసిదాన్ని ఆడిస్తాను” అన్నది. మేనకోడలు ఊరుకోలేదు. తన పంజాబీ డ్రస్సు తల్లికి తొడిగించి, పసిదాన్ని తాను చూసుకుంటానని చెప్పి, పొట్టి సీటున్న సైకిలొకటి తెచ్చి ముందుపెట్టింది. “రెండు మైళ్ళు పోయి వచ్చెయ్యండి మామయ్యా. హార్టింగ్టన్ దగ్గర పాత సిగ్నల్ గది ఉంది, చూసి రండి” అన్నది.

మొదటి రెండువందల గజాలూ హాండిలు పాములా వంకర్లు తిరిగింది. తర్వాత నిలకడ వచ్చింది. కాని ప్రతి పది బారలకూ ఒకసారి, “ఒరేయ్, వెనకనుంచి ఏమీ రావడం లేదు కదా?” అని అడుగుతూనే ఉన్నది.

“రాదక్కయ్యా. ఇక్కడ వచ్చేందుకు ఏమీ లేదు” అంటూనే ఉన్నాను.

కంకరపొడి దట్టించిన నేల. రెండువైపులా అడవిపూలు. ఒకచోట కట్టమీద పోతూంటే గొర్రెలు మన కాళ్ళకింద పొలాల్లో మేస్తూంటాయి. మరికాస్త పోయేసరికి కొండను నిలువునా కోసిన గోడలు రెండు పక్కలా లేచి ఆకాశం సన్నని చీలికగా మిగులుతుంది. మామూలు రోడ్లు తగిలినచోట పాత రైలువంతెనలే వాటిని తలపైనో కాళ్ళకిందో దాటించేస్తాయి. నడిచేవాళ్ళు కనబడితే గంట కొట్టి, వేగం తగ్గించి, పలకరించి పోవాలి. గుర్రాలమీద వచ్చేవాళ్ళు ఎదురైతే మరీ నెమ్మదించాలి. ఇక్కడి మర్యాద అంతే.

సిగ్నల్ గది దగ్గరికి చేరాం. రైలు లేకపోయినా గదిని అందంగా నిలబెట్టుకున్నారు. అక్కయ్య సైకిలు దిగలేదు. కాలు నేలకానించి, “ఇంకా పోదాంరా” అన్నది. అప్పటికి వెనక్కి తిరిగి అడగడం మానేసి చాలాసేపయిందని నాకు స్ఫురించింది. మరో మూడు మైళ్ళు పోయాం. తిరుగుప్రయాణంలో, ఇటు వచ్చేటప్పుడు ఎక్కుడు సుమా అని హెచ్చరిస్తే, “ఇది ఎక్కుడా?” అని నవ్వింది. మొత్తం పదిమైళ్ళు. తిరిగివచ్చి సైకిలు అప్పగిస్తూ అన్నది: “వెనక ఏమొస్తుందో అని చూసుకోకుండా తొక్కి ఎన్నాళ్ళయిందిరా!”

ఈ దారికి పేరిచ్చిన టిస్సింగ్టన్ పల్లెను మరొక ఆదివారం చూశాం. ఏటా మే నెల ప్రాంతంలో, ఈస్టరు వెళ్ళిన నలభయ్యోరోజు పండుగకు, ఈ ఊళ్ళో బావులను పూలతో అలంకరిస్తారు. పలకలమీద తడిమట్టి మెత్తి, అందులో పూలరేకులు ఒక్కొక్కటే గుచ్చి బొమ్మలు తీర్చి, బావి దగ్గర నిలబెడతారు. నీళ్ళిచ్చిన నేలకు కృతజ్ఞత అన్నమాట. బతుకమ్మను పేర్చే చేతులకు ఈ పని అర్థం కావడానికి భాష అక్కరలేదు.

మూసిన సొరంగాలు

మూడోది మోన్సల్ ట్రెయిల్. చీ డేల్ లోయ నుంచి బేక్‌వెల్ ఊరి అంచుదాకా ఎనిమిదిన్నర మైళ్ళు. తక్కినవి మెట్టమీద పోతే, ఇది వై అనే నది లోయలో సొరంగాల్లో దూరుతూ వంతెనలెక్కుతూ పోతుంది. మిడ్లండ్ రైల్వేవాళ్ళు 1863లో ఇక్కడ రైలు తెచ్చినప్పుడు రస్కిన్ మహాశయుడు లోయ అందమంతా మంటగలిసిందని మండిపడ్డాడు. అదే లోయ మీది హెడ్‌స్టోన్ వంతెనను 1970లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. ఇవాళ అయిదు రాతి కమానులతో నిలిచిన ఆ వంతెనను చూడటానికే జనం వస్తారు.

రైలు 1968లో ఆగింది. 1981లో దారిని జనానికి తెరిచారు గాని, సొరంగాల్లో రాళ్ళు రాలతాయన్న భయంతో వాటిని మూసే ఉంచారు. నడిచేవాడు సొరంగం నోటిదాకా వచ్చి, కొండమీదుగా మెట్టలెక్కి అవతలికి దిగాలి. కాళ్ళలో సత్తువ ఉన్నవాడు దిగాడు. సైకిలువాడూ, పిల్లల బండి తోసుకువచ్చే తల్లీ, చక్రాల కుర్చీలో ఉన్నవాడూ అక్కడినుంచే వెనక్కి పోయారు. ముప్ఫయ్యేళ్ళు ఆ దారి ఉండీ లేనట్టే. 2011 మే నెలలో సొరంగాలు బాగుచేసి, దీపాలు పెట్టి తెరిచారు. మొత్తం ఆరు, అందులో నాలుగు ఒక్కొక్కటి సుమారు 400 మీటర్ల పొడుగు. లోపల అడుగుపెడితే ఎండాకాలంలో కూడా చలి వేస్తుంది. దీపాలు పగటిపూట మాత్రమే వెలుగుతాయి కనుక పొద్దుగూకే వేళ పోయేవాళ్ళు తమ దీపం తాము తెచ్చుకోవాలి.

నాలుగోది మానిఫోల్డ్ లోయదారి. వాటర్‌హౌసెస్ నుంచి హుల్మ్ ఎండ్ దాకా ఎనిమిది మైళ్ళు. ఇక్కడ రెండున్నర అడుగుల సన్నపట్టాల మీద బుల్లిరైలు 1904 నుంచి 1934దాకా నడిచింది. దాని ఇంజనీరు ఎవరార్డ్ కాల్త్రాప్ అంతకు ముందు మన దేశంలో బార్సీ రైలు వేసినవాడు. తెలుగు నేతకుటుంబాలు ఎన్నో స్థిరపడ్డ షోలాపూరు జిల్లాలోదే ఆ బార్సీ. 1897లో అక్కడ మొదలైన తరహా ఇంజన్లనే ఈ ఇంగ్లీషు లోయకు పట్టుకువచ్చాడు. మన మైదానాల్లో అలవాటైన పెద్ద దీపాల ఇంజన్లు గొర్రెల నడుమ పోతూంటే ఎలా ఉండేదో! రైలు పోయిన మూడేళ్ళకు, 1937లోనే, ఇది నడకదారి అయింది. ఇందులో కొంత భాగం, ఒక సొరంగంతో సహా, కార్లు కూడా వాడుకుంటాయి. అక్కడ మాత్రం జాగ్రత్త పడాలి.

ఈ దారుల్లో వేటికీ సుంకం లేదు. టిస్సింగ్టన్, హై పీక్ దారులు కలిసేవి కనుక రెండిటిమీదా ముప్ఫయి మైళ్ళు పోవచ్చు. మోన్సల్, మానిఫోల్డ్ విడిగా ఉన్నాయి. వాటిని చేరాలంటే నడుమ మామూలు రోడ్డే గతి. వానకోటు మరిచిపోకూడదు. అక్కడి మబ్బుకు మాటమీద నిలకడ లేదు.

పొడుగే దాని విలువ

ఇంతకూ ఈ దారులు ఎలా మిగిలాయన్నదే అసలు సంగతి. 1963లో డాక్టర్ బీచింగ్ బ్రిటన్ రైళ్ళమీద ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లు మూసేయాలన్నది. దానికి ముందూ వెనకా కూడా ఎన్నో దారులు పోయాయి. పట్టాలు పీకిన నేలను చాలాచోట్ల ముక్కలుగా అమ్మేశారు. ఒక ముక్క పొలంలో కలిసింది, ఒక ముక్కలో ఇళ్ళు లేచాయి, వంతెనల ఇనుమును తూకానికి వేశారు. అటువంటి చోట దారి మళ్ళీ కావాలన్నా రాదు. రైలుదారి విలువ దాని వెడల్పులో లేదు, పొడుగులో ఉన్నది. పది మైళ్ళ దారిలో నడుమ పది గజాలు పోతే మిగిలేది రెండు మొండి ముక్కలు. మోన్సల్ సొరంగాలు ముప్ఫయ్యేళ్ళపాటు చెప్పిన పాఠమిదే. టిస్సింగ్టన్ దారిని ముక్కలు కాకముందే ఒకే చేతిలోకి తీసుకున్నారు. అందువల్లనే దాని మీద మా అక్కయ్య సైకిలు తొక్కగలిగింది.

మన దగ్గర ఇటువంటి నేల లేదనుకోవద్దు. మీటరు గేజి మార్చి బ్రాడ్ గేజి వేసినప్పుడు కొన్నిచోట్ల పాత కట్టను వదిలి కొత్త కట్ట పోశారు. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలోనూ అలా వదిలేసిన దారి ఉన్నది. అది పులులకు కేటాయించిన అడవి కనుక, అక్కడ మన సందడి లేకపోవడమే మేలు. కాని అన్ని కట్టలూ అడవిలో లేవు. డెల్టాలో కాలువగట్లున్నాయి. అవి ఊరినీ ఊరినీ కలుపుతూ, వాలన్నది లేకుండా మైళ్ళ తరబడి పోతాయి. వాటిమీద ఇల్లు లేవకుండా, తారు పోసి లారీలను వదలకుండా చూసుకోవడమే మనం చెయ్యవలసింది.

మా కాలేజీ ముందు రోడ్డు నాలుగు వరసలయింది. బళ్ళు బాణాల్లా పోతాయి. పూర్వం చుట్టుపక్కల పల్లెలనుంచి ఆడపిల్లలు గుంపులుగా సైకిళ్ళమీద వచ్చేవారు. ఇప్పుడు సైకిలు స్టాండులో మోటారు సైకిళ్ళు ఉంటాయి. ఆ పిల్లల్లో కొందరు బస్సు ఎక్కుతున్నారు. బస్సులేని ఊరి పిల్లలు ఇంటరుతో ఆగిపోతున్నారు. వాళ్ళ ఊళ్ళకూ కాలేజీకీ నడుమ కాలువగట్టు ఒకటి ఉన్నది. ఇప్పటికింకా తెగలేదు.